అర నిమిషం తర్వాతి పాట

సభకు అధ్యక్షత వహిస్తున్న మా మాజీ సర్పంచ్ రాంచందర్ పటేలు గారికి, వేదిక మీది పెద్దలకు, మానుకోట వర్తక మిత్రులకు, డోర్నకల్ నుంచి ప్యాసింజరు బండిలో నిలబడి వచ్చిన రైల్వే సోదరులకు, తండాల నుంచి వచ్చిన అన్నలకు, అక్కలకు, మూడో వరుసలో కూర్చుని తొందరగా ముగించమని కళ్లతోనే చెబుతున్న నా భార్య యాకమ్మకు నమస్కారం. (నవ్వులు)

నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు నన్ను మితభాషి అన్నారు. అందులో నా గొప్ప ఏమీ లేదు. పంతొమ్మిదేళ్లుగా మైకు సెట్టు నడుపుతున్నాను. ఎందరి చేతికో మైకు ఇచ్చాను, కొందరి చేతిలోంచి తిరిగి తీసుకోలేక నానా తంటాలు పడ్డాను. ఇన్నేళ్లలో నేను మైకులో మాట్లాడినవి మాత్రం ‘హలో, వన్, టూ, త్రీ’ అన్న నాలుగు మాటలే. నాలుగో అంకె అవసరం ఎన్నడూ పడలేదు. అలవాటు లేని పని కనుక తప్పులుంటే మన్నించండి. నా సన్మానానికి ఈ మైకు పొద్దున నేనే కట్టుకున్నాను, ఈ రెండు పెద్ద బాక్సులూ నేనే మోసుకొచ్చాను. శాలువా మాత్రం మీరే తెచ్చారు, అందుకు కృతజ్ఞుణ్ని. (నవ్వులు)

ఈ సెట్టును రేపు కేసముద్రం వాళ్లు తీసుకుపోతారు. ఎందుకు ఇచ్చేస్తున్నానని చాలామంది అడిగారు. వరంగల్లో చెవుల డాక్టరు నా కుడి చెవిలో దీపం పెట్టి చూసి, ఏం పని చేస్తావని అడిగాడు. చెప్పాను. అయితే ఈ చెవితో నీకు పని అయిపోయింది, ఎడమది మిగుల్చుకో అన్నాడు. ఆ ఎడమ చెవి ఉండగానే, ఈ సెట్టు నా చేతిలో ఉండగానే, నాకు తీరవలసిన కోరిక ఒకటుంది. ఒక పాటను మొదటి నుంచి చివరి దాకా పెద్ద బాక్సుల్లో వినాలి. అది పటేలు గారు అనుమతిస్తేనే జరుగుతుంది. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ దాటి మాట్లాడుతున్నాను.

నేను బడికి పోయింది తక్కువ. అక్షరాలు అంగడిలో బోర్డుల మీద, వైర్ల పనేమో పాడైపోయిన రేడియోల మీద నేర్చుకున్నాను. రోజు పద్దు రాసే అలవాటు మాత్రం మొదటి నుంచీ ఉంది. ఏ ఊరు, ఏ కార్యం, హారన్ ఎటు తిప్పి కట్టాను, ఏ రికార్డు వేశాను, అన్నీ రాస్తాను. అరవైతొమ్మిది ఉద్యమంలో ఊరేగింపుకు రిక్షా మీద కట్టిన హారన్ ఒకటి జనం తోపులాటలో కిందపడి సొట్ట పోయింది. అప్పటి నుంచి దానిలో ఎవరు మాట్లాడినా జలుబు చేసినట్టే వినిపించేది. అది కూడా రాసుకున్నాను.

డెబ్బై రెండులో డోర్నకల్ రైల్వే క్వార్టర్లలో గార్డు డెస్మండ్ గారి రేడియోగ్రాం, అంటే రికార్డులు కూడా వేసుకునే పెద్ద రేడియో, బాగు చేశాను. ఆయన బదిలీ మీద వెళ్లిపోతూ నాకొక పెద్ద రికార్డు బహుమతిగా ఇచ్చారు. డీప్ పర్పుల్ అనే ఇంగ్లండు జట్టుది. ఇంటికి తెచ్చి వేశాను. గిటారు గరగరమని పగిలిపోతోంది. మొదట హారన్ సొట్ట వల్లనుకుని ఇంకో హారన్ పెట్టాను. అదే గరగర. ఇక ఆంప్లిఫయర్ విప్పి రెండు రోజులు కూర్చున్నాను. వాల్వులు మార్చాను, టంకాలు కొత్తగా వేశాను, చివరికి ఇంట్లో కరెంటు వైరు కూడా మార్చాను. పాట మొదట ఎలా ఉందో అలాగే ఉంది. సైకిలెక్కి డోర్నకల్ పోయి, సామాన్లు కట్టుకుంటున్న డెస్మండ్ గారికి నా మొర చెప్పుకున్నాను. ఆయన పెట్టె మీద కూలబడి నవ్వి, ‘‘నీ మెషిన్ మంచిగనే ఉంది సంజీవా. వాళ్లే కావాలని గట్ల పలగ్గొడ్తరు’’ అన్నారు.

బాగున్న సౌండును కావాలని పగలగొట్టే మనుషులు లోకంలో ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు. నేను రోజంతా ఆ పగుళ్లు అతికించి బతికేవాణ్ని. వచ్చేటప్పుడు దారి పొడుగునా అదే ఆలోచన. ఇంటికొచ్చి మళ్లీ వేసి విన్నాను. ఆ రోజు పద్దులో ‘మోత. బాగుంది’ అని రాశాను. రెండు మాటలకు మించి రాయడం నాకు చేతకాలేదు.

ఇంకొక పొరపాటు కూడా ఒప్పుకోవాలి. మా సెట్టులో అన్నీ సినిమా చిన్న రికార్డులే, వాటికి నలభై ఐదు వేగం. మీట అక్కడే బిగుసుకుపోయి ఉండేది. ఈ పెద్ద రికార్డు తిరగవలసింది ముప్పై మూడులో. ఆ సంగతి తెలియక మూడు నెలలు నలభై ఐదులోనే విన్నాను. పాడేది ఆడమనిషి అనుకున్నాను. (నవ్వులు) యాకమ్మ అయితే రోజూ వంటింట్లోంచి, ‘‘గామెకు ఏడ నొస్తుందట? ఎవలన్న దవాఖానకు తోల్కపోరాదు’’ అనేది. మీట సరిచేశాక మగ గొంతు వచ్చింది. అప్పటి నుంచి, ‘‘ఇప్పుడు మొగనికి అంటుకున్నదా?’’ అని అడగడం మొదలుపెట్టింది. (నవ్వులు. యాకమ్మ కొంగు అడ్డం పెట్టుకున్నారు)

తర్వాత రైల్వే మిత్రుల దయవల్ల సికింద్రాబాదు నుంచి, మద్రాసు నుంచి రికార్డులు, క్యాసెట్లు వచ్చాయి. ట్రంకుపెట్టె నిండింది. బ్లాక్ సబ్బాత్ అనే జట్టులో గిటారు వాయించే ఆయన రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడట. తొడుగులు తనే తయారు చేసుకుని, వేళ్లకు పెట్టుకుని వాయిస్తాడట. ఈ సంగతి చెప్పినప్పటి నుంచి మన ఫిట్టరు మిత్రులు పాట వినకుండానే ఆయన్ని తమ యూనియన్ మనిషిగా లెక్కేస్తున్నారు. (వెనక వరుసల్లో చప్పట్లు)

ఈ పాతవాళ్ల బరువు ఎక్కడుందంటే, రెండు దెబ్బల నడుమ ఆగడంలో ఉంది. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు పసుపుకొమ్ములు దంచడం మీరు చూసే ఉంటారు. ఒక రోకలి లేచినప్పుడే ఇంకొకటి దిగాలి. ఎవరు తొందరపడినా చెయ్యి నలుగుతుంది. వీళ్లు అలా దంచుతారు. ఐరన్ మెయిడెన్ అనే తర్వాతివాళ్లు గుర్రాల మీద వస్తారు, దుమ్ము లేస్తుంది, నాకు ఇష్టమే. మెటాలికా అని మరీ కొత్త పిల్లల క్యాసెట్టు ఈ మధ్యనే చేతికొచ్చింది. వాళ్ల వేగానికి లోకమంతా నోరెళ్లబెట్టిందట. నాకు మాత్రం ఆశ్చర్యం కలగలేదు. అంత వేగం నేను డెబ్బై రెండులోనే మా ఇంట్లో మూడు నెలలు విన్నాను. (నవ్వులు)

ఇక అర నిమిషం సంగతి. సినిమా పాట వేసి హారన్ పరీక్ష చేస్తే ఉపయోగం లేదు. లోపల మర సడలినా, వైరు పట్టు వదిలినా పాట మర్యాదగా నడిచిపోతుంది. డెస్మండ్ గారి రికార్డు వేస్తే ఏ లోపం ఉన్నా వెంటనే బయటపడుతుంది. అందుకే పెళ్లయినా, మీటింగయినా మొదట అందులో ఒక పాట కాస్త వేసి చూసుకుని, తర్వాత దేవుని పాట వేసేవాణ్ని.

డెబ్బై ఎనిమిదిలో అంగడి దగ్గర మన పటేలు గారి సభ. సొట్ట లేని హారన్లు ఆ వారమే కొత్తగా తెచ్చాను. రికార్డు వేశాను. కొత్త హారన్లలో అది మొదటిసారి వింటున్నాను, ఒళ్లు మరిచిపోయాను. పద్దులో చూస్తే నాలుగు నిమిషాలని ఉంది. ఆ నాలుగు నిమిషాలూ పటేలు గారు వేదిక మీద చేతులు జోడించి నిలబడే ఉన్నారు. జిల్లా నుంచి వచ్చిన పెద్దల గౌరవార్థం ఏదో వేస్తున్నారని ఆయన అనుకున్నారు. ఆయన లేచారని వాళ్లూ లేచారు. (పెద్ద నవ్వులు. అధ్యక్షులు కూడా నవ్వారు) సభయ్యాక నన్ను పిలిచి, ‘‘అర నిమిషం పరీచ్ఛ జేస్కో. గంతకు మించి గా మోత నాకు వినబడొద్దు’’ అన్నారు. తప్పు నాది. సరేనన్నాను.

అప్పటి నుంచి అర నిమిషం. ఏ ఊళ్లో అయినా సరే, గడియారం చూసి ముల్లు లేపేస్తాను. మానుకోట నుంచి డోర్నకల్ దాకా ప్రతి కార్యానికీ ముందు మీరు విన్నది ఆ అర నిమిషమే.

దాని ఫలితం ఎనభై మూడులో తెలిసింది. తండాలో దేవ్యా అన్న బిడ్డ సోని పెళ్లి. అప్పటికి ఈ బాక్సులు కొన్నాను, వీటికి పరీక్ష అవసరం లేదని రికార్డు ఇంట్లోనే వదిలిపోయాను. నేరుగా దేవుని పాట వేశాను. సోని నాయనమ్మ తుల్సీబాయి లేచి వచ్చి నా ముందు నిలబడింది.

‘‘గా డుర్రుమనేది ఏసినవా?’’

లేదన్నాను. అవసరం లేదన్నాను.

‘‘నా చిన్న కొడుకులు ముగ్గురి పెండ్లిల్లకు ఏసినవు. గీ పిల్ల ఏం పాపం జేసింది? గది మోగకుంటే పెండ్లి షురూ అయిందని దేవునికెట్ల తెలుస్తది?’’

నేను చెప్పింది ఎవరూ వినలేదు. దేవ్యా అన్న ట్రాక్టరు మీద నన్ను ఇంటికి పంపించాడు. పెళ్లికూతురు, పెళ్లికొడుకు, వంటవాళ్లు, అందరూ ఆగారు. రికార్డు తెచ్చి వేశాను. తండా తండా లేచి నిలబడింది. అది పటేలు గారి ఊరు కాదు, ఆయన చెవికి అందే దూరమూ కాదు. ఇవాళ మొత్తం వేద్దామనుకున్నాను. అర నిమిషం కాగానే నా చెయ్యే వెళ్లి ముల్లు లేపేసింది. తుల్సీబాయి తృప్తిగా, ‘‘ఇగ సాలు, అయిపోయింది’’ అన్నది.

అయిపోయింది అన్నది. ఆ పాట అంతేనని ఆమె అనుకుంటోంది. ఆమె మాత్రమే కాదు, మీరంతా అలాగే అనుకుంటున్నారు. ఈ చుట్టుపక్కల నా వల్ల పెళ్లి మొదలైన ప్రతి ఇంట్లో ఆ పాట అర నిమిషమే. దాని నిడివి ఏడు నిమిషాలు. నేను ఇంట్లో చిన్న డబ్బాలో, యాకమ్మ పొలానికి పోయినప్పుడు మొత్తం విన్నాను. డబ్బాలో వినడమంటే బావిలో పడ్డవాడి మాట వినడమే. ఇన్నేళ్లు మీరు కోరిన పాటలన్నీ మోగించాను. నేను కోరినది ఒక్కసారి మోగించుకుని పోనివ్వమని పటేలు గారిని అడుగుతున్నాను. అంతే.

(అధ్యక్షులు కూర్చున్న చోటి నుంచే మాట్లాడారు.)

‘‘సంజీవా, తొమ్మిదేండ్ల సంది అర నిమిషమే ఏసినవా?’’

‘‘అవ్ పటేలా.’’

‘‘నేను లేని కాడ గూడ?’’

‘‘మీరు లేని కాడ గూడ.’’

(అధ్యక్షులు కుర్చీ ముందుకు జరుపుకున్నారు.)

‘‘గా మాట నేనన్నట్టే నాకు యాదికి లేదు.’’

(సభలో ఎవరూ నవ్వలేదు.)

నా పద్దులో ఉంది పటేలా, తేదీతో సహా. కానీ ఆ పేజీ మీకు చూపించను. మీకు కోపం ఉండే ఉంటుందని నేను తొమ్మిదేళ్లు భయపడ్డాను. మీరు మర్నాడే మరిచిపోయారు. ఇందులో తప్పు ఎవరిదో నాకు తెలియడం లేదు. చెవి పోయింది మాత్రం నాది. (నవ్వులు)

(అధ్యక్షులు: ‘‘ఏస్కో. దర్వాజలు తెరువుండ్రి. రోడ్డు మీదోళ్లు గూడ వినాలె.’’ చప్పట్లు)

చాలా సంతోషం. రికార్డు బల్ల మీదే ఉంది, మీట ముప్పై మూడు మీదే ఉంది, రెండుసార్లు చూసుకున్నాను. భోజనాలు సిద్ధంగా ఉన్నాయట. ఆకలైనవాళ్లు మొహమాటపడకుండా వెళ్లవచ్చు. ఉండేవాళ్లకు ఒక్క మనవి. మొదటి అర నిమిషం మీకు కంఠతా వచ్చు. అది కాగానే ఎవరూ చప్పట్లు కొట్టకండి, కుర్చీలు సర్దుకుంటూ లేవకండి. తుల్సీబాయి అవ్వా, నీకు ముఖ్యంగా చెబుతున్నాను, అక్కడ అయిపోదు. ముప్పై ఒకటో సెకను నుంచి ఏముందో నేను చెప్పలేను. చెప్పగలిగితే ఇన్నేళ్లలో ఎప్పుడో చెప్పేవాణ్ని.

శాలువా కప్పిన పెద్దలకు, నా మోత భరించిన ఊళ్లకు, డోర్నకల్ నుంచి వెళ్లిపోయి ఏ ఊళ్లో ఉన్నారో తెలియని డెస్మండ్ గారికి, పదిహేనేళ్లుగా ఆ గాయకుడి ఆరోగ్యం గురించి బెంగపడుతున్న యాకమ్మకు కృతజ్ఞతలు. నా ఎడమ చెవిని బాక్సు వైపు తిప్పుకుని కూర్చుంటాను. కాసేపు నన్నెవరూ పలకరించకండి.

సెలవు.