తాళం లేకుండా అమ్మిన బండి

పెనుకొండ, 11-02-1999, గురువారం. సాయంత్రం స్టేషన్‌లో ఎస్.ఐ. గారి ఎదుట నేను చెప్పగా రైటరు గారు రాసుకున్న వాంగ్మూలం.

నా పేరు చెన్నప్ప. మా నాయన కీర్తిశేషులు తిమ్మప్ప. వయసు నలభై ఎనిమిది. వృత్తి వ్యవసాయం. హిందూపురం దగ్గర ఎర్రదిన్నెపల్లిలో ఉంటాను. ఏడో తరగతి చదివాను, సంతకం చేయడం వచ్చు. నా మీద ఇంతవరకు ఏ కేసూ లేదు. స్టేషన్ మెట్లు ఎక్కడం ఇదే మొదటిసారి. నా గొంతు పెద్దదైతే ఏమీ అనుకోవద్దు. అది కోపం కాదు. సంతోషం వచ్చినా నా గొంతు ఇట్లాగే లేస్తుంది.

బయట వేపచెట్టు కింద నిలబెట్టిన నల్ల రాజదూత్ నాదే. నాదే అంటే ఈ ఉదయం దాకా నాది. పదహారేళ్ల కిందట హిందూపురంలో కొత్తదే కొన్నాను. రెండు మూటల వేరుశెనక్కాయలు, నేను, నా వెనక నా భార్య నరసక్క, అందరినీ మోసేది. మా చెల్లెలికి నొప్పులు వచ్చినప్పుడు రొళ్ల నుంచి హిందూపురం ఆసుపత్రికి వానలో తెచ్చింది ఈ బండే. ఎక్కడా ఆగలేదు. మా ఊళ్లో దీన్ని చూసి “హారన్ తప్ప అన్నీ మోగుతాయి” అని ఎగతాళి చేస్తారు. చేయనీ. ఎగతాళి చేసినవాళ్ళందరూ ఏదో ఒక రోజు దీని వెనక కూర్చున్నవాళ్ళే.

బండి సంగతి చాలు, జరిగింది చెప్పమని రైటరు గారు అంటున్నారు. చెప్తున్నాను.

నా కుడి మోకాలు ఇప్పుడు కిక్కు కొట్టనివ్వడం లేదు. అందుకే అమ్మాలనుకున్నాను. మధ్యలో బ్రోకర్లు వద్దని, ట్యాంకు మీద సుద్దముక్కతో “అమ్మబడును” అని రాసి, పోయిన సోమవారం హిందూపురం మార్కెట్ దగ్గర నిలబెట్టాను. చాలామంది వచ్చారు, సీటు నొక్కి చూశారు, నవ్వి పోయారు. మహేష్ ఒక్కడే నవ్వలేదు. ఇతను ధర్మవరం అబ్బాయి. పట్టు మగ్గాల మీద పాత పడుగు అయిపోతే, దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతికే పని ఇతనిది. ఆరోజు ముద్దిరెడ్డిపల్లిలో పని చూసుకుని బస్సు కోసం పోతూ ఆగాడు. ఇన్నాళ్లూ బస్సుల్లో, సైకిలు మీద ఊళ్లు తిరిగేవాడట. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, “అన్నా, ఇది నన్ను ధర్మవరం చేరుస్తాదా?” అన్నాడు. “ధర్మవరం ఏందప్పా, అడిగితే కాశీకైనా పోతాది” అన్నాను. ధర ఇద్దరికీ సరిపోయింది. శుక్రవారం అమ్మకూడదని మా అమ్మ అంది కాబట్టి ఈరోజే వచ్చి తీసుకుపొమ్మన్నాను. వచ్చే సోమవారం ఇద్దరం హిందూపురంలో కలిసి, కాగితాలు మార్చుకోవాలని మాట. అంతవరకు ఆర్‌సీ బుక్కు నా దగ్గరే ఉంటుందన్నాను, సరేనన్నాడు.

ఈ ఉదయం తొమ్మిది గంటలకు మహేష్ మా ఇంటికి వచ్చాడు. సొమ్మంతా ఇచ్చాడు. నరసక్క బండికి పసుపు కుంకుమ పెట్టింది. అతను మజ్జిగ తాగుతుంటే మా అమ్మ మారెమ్మ పోయి, బండి తాళం పీకి, కొంగున ముడి వేసుకుంది.

సార్, ఇక్కడ మీకు మా సంగతి తెలియాలి. మా ఇళ్లల్లో ఎద్దును అమ్మితే దాని మెడలోని పలుపు ఇవ్వము. కొనేవాడు కొత్త తాడు తెచ్చుకోవాలి. పాత పలుపు మనం ఎద్దుల్ని కట్టేసే గాటిపాట దగ్గరే ఉండాలి. అది పోతే ఇంట్లో లక్ష్మి కూడా దాని వెంట పోతుందని మా పెద్దల నమ్మకం. మా అమ్మ లెక్కలో బండికి పలుపు అంటే తాళమే.

“ఎద్దునమ్మితే పలుపిస్తామా రా? బండి పోతాంటే పోనీ. తాళం ఈడనే ఉండల్ల” అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. మహేష్ మాత్రం, “పోనీలేన్నా, అవ్వ మాట ఎందుకు కాదనల్ల? ధర్మవరంలో కొత్త లాకు ఏయించుకుంటాలే” అన్నాడు. అప్పుడు నేను చేసింది చెప్తాను. ఆ తాళం కన్నం అరిగి అరిగి, అందులో ఏది పెట్టినా తిరుగుతుంది. గొప్పగా వంటింట్లోకి పోయి స్టీలు చెంచా తెచ్చాను. దాని కాడ దూర్చి తిప్పాను. మహేష్ కిక్కు కొట్టగానే స్టార్ట్ అయింది! “చూసినావా, దీనికి తాళంతో పనే లేదు” అని ఆ చెంచా మహేష్ చేతిలో పెట్టాను. ఊరు దాటేదాకా రోడ్డు మీద నిలబడి చూశాను. చప్పుడు వినబడినంతసేపూ విన్నాను.

మహేష్ పెనుకొండ బయట టీ అంగడి దగ్గర ఆగాడు. టీ తాగి వచ్చి మళ్లీ చెంచా దూర్చి తిప్పుతుంటే మీ కానిస్టేబుల్ గారు చూశారు. తాళం లేదు, కాగితాలు లేవు, చేతిలో చెంచా. ఎవరైనా పట్టుకుంటారు. ఆయన తప్పేమీ లేదు.

మహేష్ నా పేరు, ఊరు చెప్పాడట, పదకొండున్నర ప్రాంతంలో మా ఊరి ఎస్టీడీ బూతుకు ఇక్కడి నుంచి ఫోను వచ్చింది. రాజదూత్ దొంగను పట్టుకున్నాం, మీదేనా అని అడిగారు. నిజం చెప్తాను సార్, ఆ మాట వినగానే ముందు నాకు భయం వేయలేదు. ఛాతీ పొంగింది. సంతల్లో, జాతరల్లో తాళం దానికే వదిలేసి తిరిగినా పదహారేళ్లలో ఒక్క దొంగ దాన్ని ముట్టలేదు. ఇవాళ దాన్ని ఎత్తుకుపోయాడని ఒక మనిషిని పట్టుకున్నారు! బూతులో ఉన్నవాళ్ళకు కూడా చెప్పాను. అప్పుడు ఫోనులో మహేష్ గొంతు వినబడింది.

“అన్నా, నన్ను దొంగంటాండారు. నువ్వొచ్చి చెప్పన్నా. కేసు రాస్తే నా బతుకు పోతాదన్నా. పట్టుండే ఇంట్లోకి ఇంక నన్నెవురు రానిస్తారు?”

నా పొంగంతా దిగిపోయింది. ఇంటికి పరుగెత్తాను.

“అమ్మా, ఆ తాళం ఇయ్యి. పిల్లోన్ని పోలీసోళ్లు పట్టుకోనుండారు.”

“ఇయ్యను. మీ నాయనుండే కాలంలో ఎన్ని ఎద్దులమ్మినాం? ఒక్క పలుపన్నా గడప దాటిండాదా?”

“అది ఎద్దు కాదమ్మా, ఇనుము.”

“ఇనుమైతే దానికి యాడాదికోసారి పూజెందుకు చేస్తివి? గుమ్మడికాయెందుకు కొడితివి?”

ఆర్‌సీ బుక్కు తీసుకుని, దొరికిన లారీ ఎక్కి వచ్చాను. మీ ఎదుట ఏం చెప్పానో మీకు తెలుసు. మీరు ఏమన్నారో కూడా రాయించండి. “ఆర్‌సీ నీదే, బండీ నీదే. కానీ తాళం ఇవ్వకుండా బండి అమ్మేవాడు ఎక్కడైనా ఉంటాడా? వీడు ఎత్తుకొచ్చాడు. ఎవరో పెద్దమనిషి మధ్యలో పడితే నువ్వు రాజీకి వచ్చావు. నిజంగా అమ్మితే ఆ తాళం తెచ్చి చూపించు” అన్నారు. మీరన్నదాంట్లో న్యాయం ఉంది. కానీ నేను కొండనైనా తేగలను గానీ మా అమ్మ కొంగు ముడి విప్పలేను. పలుపు కథ మళ్లీ మొదటి నుంచి చెప్పాను. మీరు నవ్వారు. మహేష్ గోడ పక్కన బల్ల మీద తల వంచుకుని కూర్చున్నాడు. ఒక్కసారి కూడా నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చెంచా ఇచ్చింది నేను.

నాలుగు గంటలప్పుడు స్టేషన్ ముందు ఆటో ఆగింది. ముందు నరసక్క దిగింది. తర్వాత మా అమ్మ! హిందూపురం తప్ప ఇంకో ఊరు పోనని ఒట్టు పెట్టుకున్న మనిషి, డెబ్బై ఆరేళ్ల మనిషి, బస్సెక్కి పెనుకొండ వచ్చింది! నేను లేచి నిలబడి అరిచేశాను. కానిస్టేబుల్ గారు కూర్చోమన్నారు. ఎట్లా కూర్చోవాలి?

ఏం జరిగిందో నరసక్క చెప్పింది. నేను వచ్చేశాక మా అమ్మ ముద్ద ముట్టలేదట. చాలాసేపటికి, “ఆ పిల్లోడు ఏం పని చేస్తాడే?” అని అడిగిందట. పట్టు మగ్గాలుండే ఇళ్లల్లో కూర్చుని పోగులు అతుకుతాడు, దొంగ అని పేరు పడితే ఏ ఇంటి గడపా ఎక్కనివ్వరు అని నరసక్క చెప్పిందట. మా అమ్మ లేచి చెప్పులేసుకుందట.

మీరు కుర్చీ వేశారు, ఆమె కూర్చోలేదు. “ఏడప్పా ఆ పిల్లోడు?” అంది. కొంగు ముడి పంటితో విప్పి తాళం తీసింది.

“ఇందాక మీ అబ్బాయి అడిగితే ఎందుకు ఇవ్వలేదవ్వా?” అని మీరు అడిగారు.

“ఇస్తే ఇంట్లో లక్ష్మి పోతాదని ఇయ్యలేదు నాయనా. లక్ష్మి అలిగి పోయినా మల్లా వస్తాది. దొంగనే పేరు వస్తే, అది మల్లా యాడికి పోతాది?”

మీరు తాళం తీసుకుని బయటికి వచ్చి, బండికి పెట్టి తిప్పారు. దీపం వెలిగింది. మా అమ్మ చేయి చాపి తాళం మళ్లీ అడిగి తీసుకుంది. మనసు మార్చుకుందేమో అనుకున్నాను. ఆమె మహేష్‌ను పిలిచి, రెండు చేతులతో అతని దోసిట్లో పెట్టింది. “చల్లగుండప్పా. దాన్ని ఎండలో నిలబెట్టొద్దు” అంది. అతను ఆమె కాళ్ల మీద పడ్డాడు. ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఇది రాయకపోయినా పరవాలేదు. కాదు, రాయండి.

తర్వాత మీరు చెప్పమంటే మహేష్ కిక్కు కొట్టాడు. ఒక్కటే కిక్కు సార్! మీరే విన్నారు.

రైటరు గారు ఇదంతా నాకు చదివి వినిపించారు. ఇందులో కల్పించింది లేదు, ఒకరు చెప్పమంటే చెప్పింది లేదు. బండిని నా ఇష్టంతో మహేష్‌కు అమ్మాను, అతను దొంగతనం చేయలేదు. ఇది నిజమని ఒప్పుకుని కింద చేవ్రాలు చేస్తున్నాను.

(సం.) చెన్నప్ప

తన మాట కూడా రాయనిదే స్టేషన్ నుంచి కదలనని మా అమ్మ అన్నందువల్ల, ఎస్.ఐ. గారి అనుమతితో ఆమె అన్నది అన్నట్టే రాయించడమైనది:

“నా పేరు మారెమ్మ. ఆ బండి నా కొడుకుది కాదు. ఆ పిల్లోనిది. అమ్మింది నేనే, తాళం నా చేత్తోనే ఇచ్చినా. వాన్ని దొంగనేటోళ్లు ముందు మా ఇంటికొచ్చి నన్నడగల్ల.”

మారెమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర