ముగ్గురేసిన ముగ్గు

నాంచారమ్మ కోడలు సుగుణమ్మ ఉందే, ఆ పిల్లకి తెల్లారితే చాలు చేతులు పనిచెయ్యవంట. విరిగిపోయాయని కాదు, ఊరికే అట్టా బిగుసుకుపోతాయి. వేళ్ల కణుపులు బూరెల్లాగా ఉబ్బిపోయి, గుప్పిట మూస్తే తెరుచుకోదు, తెరిస్తే మూసుకోదు. పొద్దు బారెడెక్కేసరికి మెల్లిగా ఒక్కో వేలూ సడలుద్ది, మజ్జాన్నానికి మామూలు మనిషే అనుకో. మిరపచేలోకి పోద్ది, కాయ కోసుద్ది, గంప ఎత్తుద్ది, నలుగురితో కలిసి నవ్వుద్ది. ఇంక అత్త ఊరుకుంటదా? "పొద్దున వంగని వేళ్లు మజ్జాన్నానికి ఎట్టా వంగుతున్నాయే? అన్నం కాడ వంగేవి చీపురు కాడ వంగవా?" అనేదంట. ఆ, మీరు నవ్వుతున్నారు గానీ, మీ ఇళ్లల్లో అయితే మీరూ అదే మాట అంటారు, నాకు తెలవదా! పాపం సుగుణమ్మకి ఏం చెప్పాలో తెలిసేది కాదు. పుండైతే చూపించుద్ది, జొరమైతే నుదురు పట్టి చూడమనుద్ది, దీన్నేం చూపించాల? మొగుడు ఏడుకొండలు మంచోడే గానీ, అమ్మ ముందర నోట్లో నాలుక లేదు వాడికి. అందుకని ఆ పిల్ల పొయ్యి కాడ చేతులు కాపుకుని, పళ్లబిగువున కల్లాపి చల్లి, నాలుగు వంకర గీతలు గీసి ముగ్గనిపించేదంట.

ఏమైందంటే, చలికాలం ఒక రోజు ముగ్గు పిండి పట్టుకోబోతే బొటనవేలు ఎటు పోయిందో, చూపుడువేలు ఎటు పోయిందో, రెండూ కలుసుకోమంటే కలుసుకోమన్నాయంట. ఎంత తంటాలు పడ్డా చిటికెడు పిండి చేతిలో నిలవలా. సరేలే, కాసేపాగి ఏద్దామని గిన్నె ఆడ పెట్టేసి, దొడ్లోకి పోయి గేదె పక్కన చేరి, దాని డొక్కకి చేతులు ఆనించి వెచ్చ చేసుకుంటా ఉంది. ఇంతలో పక్క బజారు పుల్లమ్మ పాలకని చెంబు పట్టుకుని వచ్చింది. ఈ పుల్లమ్మ ఎవరనుకున్నారు, ఊళ్లో ఎవరు పోయినా అందరికన్నా ముందొచ్చి రాగం తీసే మనిషి. వచ్చి చూస్తే వాకిట్లో ముగ్గు లేదు. తలుపు దగ్గరికేసి ఉంది. ముగ్గు లేని వాకిలంటే ఏంది? చావు జరిగిన ఇల్లే గదా! పైగా ముందు రోజు సాయంత్రం నాంచారమ్మ దగ్గుతా ఉండటం తన చెవులతో విన్నది. ఇంకేముంది, చెంబు ఆడ పారేసి, వాకిట్లో గొంతుక్కూర్చుని, "ఓ నా వదినో! చెయ్యెత్తి పెట్టే తల్లివి గదమ్మో! పల్లెత్తు మాట అని ఎరగవు గదమ్మో!" అని అందుకుంది. పల్లెత్తు మాట అనని నాంచారమ్మంట! చచ్చిన మనిషికి అన్నీ మంచిగుణాలే వస్తాయి, ఏం చేస్తాం.

ఆ ఏడుపు ఇని, చావులకి శంఖం ఊదే దాసరి బాలకోటయ్య శంఖమూ జేగంటా తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. బజారంతా చేరింది. లోపల నాంచారమ్మ ఏం చేస్తందంటే, దగ్గు మందు తాగి దుప్పటి ముసుగేసుకుని పడుకుని, అంతా వింటా ఉందంట. ఇని, "ఎవరబ్బా ఈ మహాతల్లి, ఎంత మంచిదో పాపం" అనుకుని తన కళ్లు తానే తుడుచుకుని, కొంగు సర్దుకుని బయటికొచ్చి, "ఎవరే పుల్లీ పోయింది?" అని అడిగింది. పుల్లమ్మ ఏడుపు మధ్యలో తలకాయ ఎత్తకుండానే, "నువ్వే వదినా!" అంది. అని, తలకాయ ఎత్తి చూసింది. ఇంక చూసుకోండి! బాలకోటయ్య చేతిలో గంట ఠంగుమని కింద పడింది. వచ్చినోళ్లు వచ్చినట్టే పరార్. ఒక్క ఊపులో వాకిలి ఖాళీ.

ఖాళీ అంటే అంతా ఖాళీ కాదు. పుల్లమ్మ కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. "ఇంకా ఏందే కూర్చున్నావు? నేను బతికే ఉన్నా గదా, పో!" అంటే, "పోదామనే ఉంది వదినా, మోకాళ్లు పట్టేశాయి, లేవలేకపోతున్నా" అందంట. బాలకోటయ్య కూడా కింద పడిన గంట దగ్గర నిలబడి దాన్నే చూస్తున్నాడు. "నీకేం వచ్చింది రా?" అంటే, "మణికట్టు తిరగట్లేదమ్మా, ఎట్టా తీసుకోవాలా అని చూస్తన్నా" అన్నాడు. అప్పుడే దొడ్లోంచి వచ్చిన సుగుణమ్మ ఆ మాట ఇని ఆగిపోయింది. "పిన్నీ, నీకూ పొద్దున్నేనా?" అంది. "పొద్దున్నే గదే తల్లీ." "మరి మజ్జాన్నానికి?" "మజ్జాన్నానికి లేడిపిల్లని!" "నీకో, బాబాయ్?" "నాకూ అంతే అమ్మాయ్. పొద్దున పోయినోళ్లకి నేను గంట కొట్టలేను, సాయంత్రం పోయినోళ్లకైతే బ్రహ్మాండంగా కొడతా." అంతే, సుగుణమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతా నవ్వుతా ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఈ రోగం భూమ్మీద తనొక్కదానికే ఉందనుకుంది గదా మరి! ప్రాణం లేచొచ్చినట్టయింది ఆ పిల్లకి. ఆమెని చూసి పుల్లమ్మ, పుల్లమ్మని చూసి బాలకోటయ్య, ముగ్గురూ పడీపడీ నవ్వుతున్నారంట చావింట్లో. చావిల్లు కాదులే, మాట వరసకన్నా.

నాంచారమ్మకి ఒళ్లు మండింది. కోడలి వైపు తిరిగి, "నన్ను బతికుండగానే చంపింది గాక, పైగా ఇకఇకలా? ఇదంతా నీ వొంటి బద్ధకం వల్లే గదే! రేపు పొద్దు పొడిచేలోపల నా వాకిలి నిండా ముగ్గు ఉండాల. లేకపోతే మీ పుట్టింటికి పోయే బస్సెక్కిస్తా, మళ్లీ ఈ గడప తొక్కమాక" అంది. అన్నదంటే చేసే మనిషే. ఏడుకొండలు తలకాయ దించుకున్నాడు.

మర్నాడు తెల్లారకముందే పుల్లమ్మా, బాలకోటయ్యా వచ్చారంట, పిలవకుండానే. సుగుణమ్మ కాగులో నీళ్లు కాచింది, ముగ్గురూ కాగు చుట్టూ చేరి కాపడం పెట్టుకున్నారు. ఇంక చూడు, ఒకటే కబుర్లు. "కళ్లు తెరవంగానే లేవమాకే, మంచంలోనే కాసేపు కాళ్లు ముడుస్తా చాపుతా ఉండు" అని పుల్లమ్మ. "చెంబుకి గుడ్డ చుట్టుకో అమ్మాయ్, లావుగా ఉంటే పట్టు దొరుకుద్ది" అని బాలకోటయ్య. "అలిసిపోయి పడుకుంటే సోమరితనమంటారు పిన్నీ" అని సుగుణమ్మ అంటే, "మమ్మల్ననలేదా ఏంది!" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. మాటల్లో పడి తూరుపు తెల్లబడటం కూడా చూసుకోలా. ఇప్పుడెట్టా? సుగుణమ్మకి ముగ్గంతా మనసులో ఉంది, వేళ్లు లేవు. పుల్లమ్మకి వేళ్లు ఉన్నాయి, మోకాళ్లు లేవు. బాలకోటయ్యకి కాళ్లున్నాయి, భుజాలున్నాయి, మణికట్లు లేవు. అందుకని పుల్లమ్మని పీట మీద కూర్చోబెట్టారు, పీటకి తాడు కట్టారు, తాడు బాలకోటయ్య భుజానికేశారు. సుగుణమ్మ అరుగెక్కి చెప్తది, ఆయన లాగుతాడు, ఈమె పిండి వదులుతా పోద్ది. "ఎడమకి బాబాయ్! ఇంకొంచెం! ఆగు, ఆగు, ఆగమంటే!" అంటే పీట ఆగుద్దా? కల్లాపి తడికి జర్రున జారిపోయి, వాకిలి దాటి దొడ్లో గేదె దాకా పోయింది. గేదె బెదిరింది, పుల్లమ్మ కెవ్వుమంది, ఆ కెవ్వులో కూడా పిండి మాత్రం వదలటం మానలా. తామరపువ్వు వెయ్యబోతే అది గుమ్మడిపాదు అయ్యి వాకిలంతా పాకిపోయింది. బ్రహ్మాండమైన ముగ్గు, ఊళ్లో అంత ముగ్గు ఎవరూ ఎరగరు!

పొద్దు పొడిచింది. నాంచారమ్మ తలుపు తీసి చూసి గుడ్లప్పగించింది. "ఎవరేశారే ఇది?" "ముగ్గురు." "ముగ్గని నాకూ కనపడతంది, ఎవరేశారని అడుగుతున్నా." "ముగ్గురత్తా." "ఏందే ముగ్గు, ముగ్గూ! తిక్క తిక్కగా ఉందా?" అని సర్రున వచ్చి కోడలి చెయ్యి ఒడిసి పట్టుకుంది, బస్సు కాడికి లాక్కుపోదామని. పట్టుకోంగానే "అమ్మా!" అని అరుపు. ఒక్క అరుపు కాదు, మూడు అరుపులు! అత్త ఆగిపోయింది. "దీని చెయ్యి పట్టుకుంటే మీరెందుకరిచారు?" అంది. నమ్మకం కుదరక మళ్లీ నొక్కింది. మళ్లీ మూడు "అమ్మా!"లు. అప్పుడు పుల్లమ్మ పీట మీద నుంచే చెప్పింది: "ఆ నొప్పి ఎట్టుంటదో మాకు తెలుసు వదినా, అందుకని." కోడలి చెయ్యి ఇంకా నాంచారమ్మ చేతిలోనే ఉంది. పెళ్లయిన కాడ నుంచి పొద్దుపూట ఆ చెయ్యి పట్టుకుని చూసింది లేదు గదా. ఇప్పుడు చూస్తే కణుపులు నిప్పులాగా కాలిపోతన్నాయి. "ఇంత కాలుతుంటే చెప్పవేమే?" అంది. "చెప్పానత్తా" అంది సుగుణమ్మ. అంతే, ఆ ఒక్క మాటే. నాంచారమ్మ ఆ చేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుని, కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చిందంట. ఆ పొద్దున ఏడ్చింది మాత్రం నిజం ఏడుపే.

తర్వాతేముంది, ముగ్గురూ కలిసి ఒకే బస్సులో టౌనుకి పోయి పెద్ద డాక్టరుకి చూపించుకున్నారు. కీళ్లవాతమన్నాడు, విడవకుండా మందులు వాడాలన్నాడు. ఒకళ్లు మందేసుకోవటం మర్చిపోతే ఇద్దరు తిట్టేవాళ్లంట. నాంచారమ్మే పొద్దున్నే కాగు పెట్టేది, పెట్టి పుల్లమ్మని పిలిచి, "ఆ రోజు నా మీద పాడిన పాట ఇంకోసారి పాడవే, బాగుంది" అనేదంట. ఇప్పటికీ ఆ ఊళ్లో వాకిట ముగ్గు లేకపోతే ఎవరూ ఏడవరు. గుమ్మం ముందు నిలబడి, "చేతులా, చావా?" అని అడుగుతారు. లోపల్నుంచి "చేతులే!" అంటే వేణ్ణీళ్లు పట్టుకుని లోపలికి పోతారు. మరి నాకూ ఈ చలికి రెండు రోజుల్నుంచి వేళ్లు మడత పడట్లేదర్రా, చూడండి, ఇదిగో. రేపు నా వాకిట్లో ముగ్గు లేదని ఎవరూ రాగాలు తియ్యమాకండి. నేను లోపలే ఉంటా. ఒక చెంబెడు వేణ్ణీళ్లు తెచ్చి, కాసేపు కూర్చుని పోండి.