పదిహేడో తోటలో చోటు

నా పేరు వాల్‌బుర్గా ష్టాడ్లర్. అందరూ బుర్గి అంటారు. వయసు డెబ్బై రెండు. భర్త క్విరిన్ ష్టాడ్లర్, వయసు డెబ్బై ఆరు, రిటైరైన ట్రామ్ డ్రైవరు. మ్యూనిక్ నగరం గీసింగ్ పేటలో నలభై ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాము. ముప్పై నాలుగేళ్ళు మా పేట సంతలో కూరగాయల అంగడి నడిపాను. ఇప్పుడు పెన్షను మీద ఉన్నాను. ఇంతకు ముందు నా మీద కేసులు లేవు. ఒకసారి దోసకాయలను నొక్కి నొక్కి చూస్తున్న ఒకావిడ చేతి మీద కొట్టాను గానీ, దాన్ని ఎవరూ రాసుకోలేదు.

ఈ వాంగ్మూలం ఎవరూ పిలవకుండా నా అంతట నేను వచ్చి ఇస్తున్నాను. 2023 జూన్ 10, శనివారం ఉదయం 9.20కి స్టేషనుకు వచ్చాను. అధికారిణి ఐగ్నర్ గారు కాఫీ ఇచ్చారు. తరువాత, మాట్లాడకుండా ఉండే హక్కు నాకు ఉందని చెప్పారు. ఆ హక్కు నాకు డెబ్బై రెండేళ్ళుగా ఉంది, ఎప్పుడూ వాడుకోలేదని చెప్పాను. ఆవిడ అదీ రాసుకున్నారు.

ప్రతి గురువారం నేనూ క్విరినూ బీరు తాగడానికి వెళ్తాము. చలికాలంలో అయితే సొంతంగా బీరు కాచే పాత హోటళ్ళకు, ఎండలు వచ్చాక ఆరుబయట చెట్ల కింద బల్లలు వేసే బీరుతోటలకు. ఈ ఊళ్ళో మేము కూర్చోని తోట లేదు. కానీ మాది అని మేము అనుకునేది మాత్రం ఇంటి వెనక సందులో ఉన్న సెడెల్‌హోఫ్ తోట. మా పెళ్ళి విందు కూడా అక్కడి చెస్ట్‌నట్ చెట్ల కిందే జరిగింది.

జూన్ 8, గురువారం పండుగ సెలవు. పొద్దున చర్చి ఊరేగింపు అయ్యాక 12.10కి తోటకు చేరాము. ఊరంతా అక్కడే ఉంది. ప్రహరీ పక్కన నలుగురు పట్టే బల్ల ఒకటి దొరికింది. మామూలుగా నేను నా గళ్ళ గుడ్డను సగానికి మడిచి మా వైపు మాత్రమే పరుస్తాను. మిగతా సగం చోటు అడిగి వచ్చే కొత్తవాళ్ళది, బీరుతోటల పద్ధతి అది. ఆ రోజు మడవలేదు. బల్లంతా పరిచేశాను. ఇది రాయమని అడిగాను.

క్విరిన్ లీటరు పట్టే బీరు మగ్గులు రెండు తెచ్చాడు. తిండి ఎప్పటిలాగే ఇంటి నుంచి తెచ్చుకున్నాము. ప్రెట్జెల్ రొట్టెలు, ఉల్లిపాయ వేసి మెదిపిన చీజ్, ఉప్పు, ఒక పెద్ద తెల్ల ముల్లంగి. ముల్లంగిని చివరి దాకా తెగకుండా ఒకే చుట్టగా కోస్తాను. ఎత్తి పట్టుకుంటే వెనక మనిషి ముఖం కనిపించాలి. మా పేటలో నా అంత పలచగా కోసేవాళ్ళు లేరు. ఇది గొప్పకు చెప్పడం లేదు, తరువాత జరిగినదానికి అవసరం కాబట్టి చెబుతున్నాను.

12.40కి ఒక మనిషి మా బల్ల దగ్గరకు వచ్చాడు. పొడుగ్గా ఉన్నాడు, నీలం టోపీ, ఒక చేతిలో మగ్గు, చంకలో చిన్న నోటుపుస్తకం. వస్తూనే "మొయిన్" అన్నాడు. అది ఉత్తర జర్మనీవాళ్ళ పలకరింపు, మా చెవికి శుభోదయంలా వినిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం మొయిన్ అన్నాడంటే ఉత్తరాది మనిషని వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ ఖాళీయేనా అని అడిగాడు. అడగవలసిన పద్ధతిలోనే అడిగాడు.

తాను హాంబర్గ్ నుంచి వచ్చానని, రెండు వారాలుగా మ్యూనిక్‌లోని బీరుహోటళ్ళూ తోటలూ ఒక్కొక్కటే చూస్తున్నానని, ఇది పదిహేడోదని చెబుతూ ఆ పుస్తకం తెరిచి చూపించాడు. వరసగా పేర్లు, పక్కన టిక్కులు. నాకు ఒళ్ళు మండింది. నా పెళ్ళి జరిగిన చోటు ఇతనికి పదిహేడో నంబరా అనిపించింది.

ఖాళీ లేదని చెప్పాను. మా చెల్లెలూ మరిదీ వస్తున్నారన్నాను. నాకు చెల్లెలు లేదు.

ఆయన టోపీ తీసి, మీ భోజనం కానివ్వండి అని వెళ్ళిపోయాడు. ఎక్కడా చోటు దొరకలేదు. మాకు ఎనిమిది అడుగుల దూరంలో చెట్టుకు ఆనుకుని నిలబడి తాగడం మొదలుపెట్టాడు. క్విరిన్ నా వైపు చూశాడు.

"ఏమే, ఎవరొస్తున్నారే?"

"ఎవరో ఒకరు వస్తారు. నీకెందుకయ్యా?"

"నలభై ఆరేళ్ళ నుంచి నీకు లేని చెల్లెలు ఇవాళ ఎక్కడ పుట్టింది? బీరుతోటలో చోటు లేదని అబద్ధం చెప్పినవాళ్ళను మా నాన్న గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు."

మీ నాన్న బతికుంటే ఆయన్నీ ఆ చెట్టు కిందే నిలబెట్టేదాన్నని అన్నాను. చనిపోయిన పెద్దమనిషిని అనవలసిన మాట కాదు. ఇలా పోట్లాడుతూనే ముల్లంగి కోశాను. చుట్ట మూడుసార్లు తెగింది. ముక్కలు లావుగా వచ్చాయి. చూసి కూడా అలాగే క్విరిన్ ముందుకు తోశాను.

1.00 గంటకు చర్చి గంట కొట్టింది. కత్తి కడుక్కొస్తానని లేచి, మగ్గులు కడిగే తొట్టి దగ్గరకు వెళ్ళాను. కత్తికి అంత మురికేం లేదు. కోపం వచ్చినప్పుడు నేను ఏదో ఒకటి కడుగుతాను.

నేను అటు తిరగగానే క్విరిన్ చెట్టు దగ్గరి మనిషిని చేత్తో పిలిచి, నోటినిండా ముల్లంగితో, "రావయ్యా ఇటు, మా ఆవిడ లేదు" అన్నాడట. అని తన మాటకు తానే నవ్వాడట. ముక్క అప్పుడే అడ్డం పడింది. ఇది క్విరిన్ తరువాత చెప్పింది, నేను చూసింది కాదు.

నాకు ఏ చప్పుడూ వినపడలేదు. గొంతులో అడ్డం పడితే మనిషి అరవలేడని నాకు తెలియదు. నేను తిరిగి చూసేసరికి ఆ ఉత్తరాది మనిషి నా భర్తను వెనక నుంచి రెండు చేతులతో పట్టుకుని, పైకి లేపి, కడుపులో గుద్దుతున్నట్టు కనిపించింది. క్విరిన్ కాళ్ళు నేలకు అందడం లేదు. నేను పరుగెత్తాను. బల్ల మీద క్విరిన్ మగ్గు ఉంది. సగం నిండి ఉంది. నా చేతి అంచనా ప్రకారం రెండు కిలోలకు కొంచెం తక్కువ. ఎత్తి ఆ ఉత్తరాది మనిషి తల మీద, ఎడమ చెవికి పైన కొట్టాను.

నేను కొట్టిన తరువాత కూడా ఆయన వదలలేదు.

ఇది ముఖ్యం. మగ్గు పగలలేదు. బీరు ఆయన మెడ మీదుగా కారింది, దాని వెనకే రక్తం కారింది. ఆయన వదలలేదు. చేతులు సర్దుకుని ఇంకొక్కసారి నొక్కాడు. క్విరిన్ నోట్లోంచి ముల్లంగి ముక్క వచ్చి నా గళ్ళ గుడ్డ మీద, మడవకుండా పరిచిన ఆ రెండో సగం మీద పడింది. అప్పుడు క్విరిన్ ఊపిరి తీసుకున్నాడు. ఆ చప్పుడు నేను విన్నాను. నా జన్మలో నేను విన్న చప్పుళ్ళలో అంత మంచిది లేదు.

క్విరిన్‌ను మెల్లగా బెంచీ మీద కూర్చోబెట్టి, ఆయన నన్ను చూశాడు. ఒక కన్ను రక్తంతో మూసుకుపోయింది.

"ఇప్పుడైనా కూర్చోనా, అమ్మా?"

జవాబు కోసం ఆయన ఆగలేదు, అక్కడే కూలబడ్డాడు.

1.14కి అంబులెన్సు వచ్చింది. 1.20కి గస్తీ పోలీసులు ఇద్దరు వచ్చారు. పక్క బల్ల దగ్గర పేకాడుతున్న నలుగురూ నాకు సంతలో పాత బేరాలు. నేను కొట్టడం వాళ్ళు చూశారు. ముక్క పడడం చూడలేదు. నన్ను కాపాడదామని, ఉత్తరాదివాడే ముసలాయన మీద పడ్డాడని, బుర్గక్క అడ్డం వెళ్ళిందని చెప్పారు. అవునా అని పోలీసు నన్ను అడిగాడు. నేను క్విరిన్ చెయ్యి పట్టుకుని ఉన్నాను. తల ఊపాను.

ఆ తల ఊపడం వల్లనే ఈ రోజు ఆ ఉత్తరాది మనిషి ముద్దాయి, క్విరిన్ బాధితుడు, నేను సాక్షిని. ఆసుపత్రిలో క్విరిన్‌కు ఎడమ వైపు రెండు పక్కటెముకలు చిట్లాయని తేలింది. అది కూడా ఆ మనిషి మీదే రాశారు. ఆయన పేరు డెట్లెఫ్ బ్రోడర్‌సెన్, వయసు అరవై ఎనిమిది. ముప్పై ఏళ్ళు సరుకు ఓడల్లో నర్సుగా పనిచేశాడట. పెద్దాయనకు ఊపిరి ఆడడం లేదు కాబట్టే పట్టుకున్నానని ఆయన మీ వాళ్ళకు చెప్పాడు. క్విరిన్‌ను డాక్టరు మాట్లాడనివ్వలేదు, ఇంకొక్కరు కూడా ఆ మాట అనకపోయేసరికి ఎవరూ నమ్మలేదు.

శుక్రవారం ఉదయం మా మేనల్లుడు కాస్పర్ ఇంటికి వచ్చాడు. వకీలు ఆఫీసులో పనిచేస్తాడు, తెలివైనవాడు.

"అత్తా, నువ్వు నోరు విప్పకుండా ఉంటే చాలు. మామయ్యను కొడుతున్నాడనుకున్నావు, అడ్డం వెళ్ళావు. కేసు దానంతట అదే తేలిపోతుంది."

"ఎవరి మీద తేలుతుందిరా?"

వాడు కాఫీ కలుపుకుంటూ కూర్చున్నాడు. లోపలి గదిలో పడుకుని ఉన్న క్విరిన్ అక్కడి నుంచే మాట్లాడాడు. డాక్టరు మాట్లాడవద్దన్నా వినలేదు.

"ఊపిరి తీసుకున్నప్పుడల్లా నొప్పి పుడుతోందిరా, కాస్పర్. నొప్పి పుట్టినప్పుడల్లా ఊపిరి తీసుకుంటున్నానని తెలుస్తోంది."

ఆ మాటతో కాస్పర్ కాఫీ తాగకుండానే లేచి వెళ్ళాడు. వాడి మీద నాకు కోపం లేదు.

శుక్రవారం మధ్యాహ్నం 3.00 గంటలకు నేను ఆసుపత్రిలో బ్రోడర్‌సెన్ గారిని చూశాను. ముద్దాయిని సాక్షి కలవకూడదేమో నాకు తెలియదు, కలిశాను. తలకు తొమ్మిది కుట్లు. టోపీ ఆ కట్టు మీద పట్టక పక్కన పెట్టుకున్నాడు. పెద్దాయన ఎలా ఉన్నాడని ముందు ఆయనే అడిగాడు. నేను తెచ్చిన బుట్ట వైపు అనుమానంగా చూశాడు.

"ముల్లంగి తప్ప ఏదైనా తింటానమ్మా."

చెర్రీ పండ్లు అని చూపించాను. నా చెయ్యి భలే బరువని అన్నాడు. ముప్పై నాలుగేళ్ళు బంగాళాదుంప బస్తాలు ఎత్తిన చెయ్యి అని చెప్పాను. ఓడల్లో తాగుబోతుల చేత చాలా దెబ్బలు తిన్నాను గానీ ఇంత నిఖార్సయిన దెబ్బ తినలేదన్నాడు. నా మీద ఫిర్యాదు ఇవ్వడట. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. సంతలో నన్ను తెలిసినవాళ్ళెవరూ ఇది నమ్మరు.

తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి అడిగాను. "అంత దెబ్బ పడ్డాక కూడా ఎందుకు వదల్లేదయ్యా?"

"ఇంకొక్క నొక్కు కావాలమ్మా. వదిలితే నొక్కేవాళ్ళెవరు?"

అంతే అన్నాడు. చెర్రీ గింజను గిన్నెలోకి ఊశాడు.

నేను తలగడ సర్దుతుంటే ఆ నోటుపుస్తకం కింద పడింది. తీసి ఇచ్చేటప్పుడు పదిహేడో నంబరు కనిపించింది. కావాలని చూశాను. ఇలా ఉంది: "సెడెల్‌హోఫ్. చెట్ల నీడ చాలా బాగుంది. బీరు బాగుంది. జనం మంచివాళ్ళు. చోటు దొరకలేదు." మిగతా అన్నింటి పక్కన టిక్కు ఉంది. దీని పక్కన లేదు. కూర్చోని చోటుకు టిక్కు పెట్టనని, అది తన నియమమని ఆయన చెప్పాడు.

ఇప్పుడు నేను చెప్పవలసినది చెబుతున్నాను. డెట్లెఫ్ బ్రోడర్‌సెన్ నా భర్తను కొట్టలేదు. బతికించాడు. ఆ పక్కటెముకలు చిట్లినందుకు మేమిద్దరం ఆయనకు రుణపడి ఉన్నాము. ఆయనను కొట్టినది నేను. మగ్గుతో తల మీద కొట్టడం మా ఊళ్ళో చిన్న నేరం కాదని నాకు బాగా తెలుసు. ఏ సెక్షను కింద రాయాలో రాయండి, మేనల్లుడిని తీసుకురాను. గస్తీ పోలీసు అడిగినప్పుడు తల ఊపినది అబద్ధం, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. పేకాటవాళ్ళ దగ్గరకు నిన్న సాయంత్రం వెళ్ళాను. ముగ్గురు మాట మార్చుకుంటామన్నారు. నాలుగోవాడికి ఇక మీదట చీజ్ పెట్టను.

ఒక జామ్ సీసా అప్పగిస్తున్నాను. అందులో ఉన్నది ఆ ముల్లంగి ముక్క. ఆ రోజు దాన్ని చేతిరుమాలులో చుట్టి జేబులో వేసుకున్నాను, ఎందుకో అప్పుడు తెలియదు. కడగలేదు. నా పాత తక్కెడలో పద్నాలుగు గ్రాములు తూగింది. నేను సరిగా కోసి ఉంటే అందులో పావు వంతు కూడా ఉండేది కాదు.

బ్రోడర్‌సెన్ గారిని సోమవారం ఆసుపత్రి నుంచి పంపేస్తారు. హాంబర్గ్‌కు ఆయన రైలు శుక్రవారం. మధ్యలో గురువారం ఉంది. క్విరిన్ అప్పటికి పక్కటెముకలు పట్టుకుని అయినా తోటకు వస్తానంటున్నాడు. ఆ రోజు నన్ను లోపల పెట్టవలసి ఉంటే శుక్రవారానికి మార్చమని అధికారిణి గారిని అడిగాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి కిటికీ వైపు చూశారు. ఇంకేమైనా చెప్పాలా అని అడిగారు.

ఒకటి ఉంది. జూన్ 8న, 12.40కి, ఇక్కడ ఖాళీయేనా అని ఆయన నన్ను అడిగాడు. నేను లేదన్నాను. దాన్ని దిద్దుకుంటున్నాను. ఆ చోటు ఖాళీగానే ఉంది.

పైన ఉన్నదంతా నేను చెప్పగా రాసినది, నాకు రెండుసార్లు చదివి వినిపించినది. మొదటిసారి "సుమారు రెండు కిలోలు" అని ఉంటే "కొంచెం తక్కువ" అని దిద్దించాను. ఎవరి బలవంతమూ లేదు, ఎవరి సలహా వినలేదు. నాకు తెలిసినంతవరకు ఇదే నిజం.

(సంతకం) వాల్‌బుర్గా ష్టాడ్లర్
గీసింగ్, మ్యూనిక్. 2023 జూన్ 10, ఉదయం 10.55

నా సమక్షంలో: ఐగ్నర్, పోలీసు అధికారిణి
స్వాధీనం చేసుకున్నవి: జామ్ సీసా ఒకటి, లోపల ముల్లంగి ముక్క ఒకటి.