సచ్చినాయన సంతకం

"అమ్మమ్మా, ఈ ఇంటి జాగ కొనేటప్పుడు నువ్వు భివండి దాక పోయినవంట గదా. ఎందుకు?"

పోయిన బిడ్డా, పోయిన. ఎవలు చెప్పిండ్లు నీకు, మీ అమ్మనా? ఆ ఫోన్ల రికార్డు పెట్టినవా ఏంది? గది ఎవలకు పంపుతవ్ మల్ల? సరే, ఉండనియ్యి.

అప్పుడు మీ తాత ఎనుమాముల మార్కెట్ల హమాలి. నేను మిర్చి తొడిమెలు తీసే పనికి పోతుంటి. సాయంత్రానికి చేతులు మంట మంట, మీ అమ్మను ఎత్తుకోవాలన్నా భయమే. కిరాయి ఇల్లు, నెలకు రెండు వందలు... కాదు కాదు, రెండు వందలు అంతకుముందు ఇంటిది. దీనికి రెండు వందల యాభై. జర జాగ దొరికితే రేకులన్న ఏసుకుందాం అని నా పోరు.

గప్పుడచ్చిండు సత్తయ్య. జాగలు చూపెట్టేటోడు, మీ తాతకు తెల్సినోడే. "అక్కా, మల్లేశం అని సాలెన్న, బొంబాయి కాడి భివండిల మగ్గం నడుపుతాండు. ఆయన జాగ ఉంది. అమ్మే అధికారం నాకు రాసిచ్చిండు" అని స్టాంపు కాయితం చూపెట్టిండు. జీపీఏ అంటరు సూడు, గది. మీ తాతకు సంబురం. నా కాళ్ల కడియాలు అమ్మి బయానా ఇచ్చినం.

ఇచ్చినమే గాని నాకు నిద్ర పడ్తలేదు. జాగ ఒకలది, చెయ్యి ఇంకొకలది. నేను సత్తయ్యను అడిగిన, "తమ్మీ, ఆ మల్లేశమన్నతోని ఒక్కసారి ఫోన్ల మాట్లాడిపియ్యి" అని. ఒకనాడు లైను కలుస్తలేదంటడు, ఒకనాడు షిఫ్టుల ఉన్నడంటడు. అడుగంగ అడుగంగ ఒకనాడు ఏమన్నడెర్కేనా? "మొన్ననే మాట్లాడిన అక్కా, మంచిగున్నడు. నిన్ను కూడ అడిగిండు" అన్నడు.

ఆయన నన్ను సూడనే లేదు బిడ్డా. ఎన్నడు సూడనోడు నన్నెందుకు అడుగుతడు? గా మాట కాడనే నాకు అనుమానం అచ్చింది.

మా ఇంటిపక్క పద్మక్క బిడ్డను భివండికే ఇచ్చిండ్లు. ఆమె పోతాంటే నేనూ బస్సెక్కిన. మీ తాతకు చెప్తే పోనియ్యడని, పాలకుర్తి గుట్టకు పోతాన, మొక్కుంది అని చెప్పిన. దేవుని పేరు మీద అబద్ధం. గదొక్కటే ఆడిన... ఇంకోటి కూడ ఉంది, చెప్త.

కాయితం మీది అడ్రసు పట్టుకోని పోతే, ఒక్క అర్ర ఇల్లు, మగ్గాల చప్పుడుకు గోడలు వణుకుతానయ్. ఒకామె కండెలు చుట్టుకుంట కూసున్నది. ఆమె నెత్తి మీద గోడకు ఫోటో. ఫోటోకు దండ.

గడప కాడనే ఆగిన.

"ఎవలు అక్కా?" అన్నది.

"ఓరుగల్లు నుంచి అచ్చిన. మల్లేశమన్న..." అన్న, అంతే. లేసచ్చి నన్ను పట్టుకోని ఒకటే ఏడుపు. పేరు నర్సవ్వ, ఆయన పెండ్లాం. ఆయన పోయి ఆరు నెలలయ్యిందట, గుండె ఆగి.

చాయ పెట్టింది. నేను మెల్లగ అడిగిన, "సత్తయ్యకు తెల్సా?" అని.

"తెల్వకేంది? పెద్దదినం నాడు ఈన్నే ఉన్నడు, అన్నం తిని పోయిండు."

"మరి జాగ అమ్ముతాండు గదా."

చాయ గిలాస కింద పెట్టింది. "ఏ జాగ?" అన్నది.

ఇంటికచ్చినంక మీ తాత ఎంత తిట్టిండో. పోకపోతే అయిపోవు, తెల్వకుండ కొన్నోళ్లం అయ్యేటోళ్లం, ఇప్పుడు ఎటూ కాకుంట చేసినవ్ అని. ఆయన మాట కూడ ఉత్తగ లేదు సూడు. హన్మకొండల వకీలు సాబ్ కూడ గదే చెప్పిండు. "అమ్మా, అధికారం ఇచ్చినాయన సచ్చిపోతే ఈ కాయితం కూడ ఆయనతోనే పోతది. అది తెల్వక కొన్నోళ్లు కోర్టుల ఏదో ఒకటి కొట్లాడొచ్చు. నువ్వు తెల్సుకోనచ్చినవ్. ఇగ తెల్వదనలేవు" అన్నడు.

సత్తయ్యను పిలిస్తే, వాడు నా మొఖం సూడకుంట ఏమన్నడు? "మనిషి పోతే ఏంది అక్కా, సంతకం ఉంది గదా. నువ్వు, నేను ఊకుంటే ఎవలకెర్క?"

"నర్సవ్వకు ఎర్క. చెప్పచ్చిన" అన్న.

గంతే. బయానా సగమే ఇచ్చిండు, మిగిలింది తిరుగుడుకు ఖర్చయ్యిందన్నడు. నా కడియాలు ఒక కాలువి పోయినయనుకో.

ఆ తర్వాత వారసుల కాయితానికి నర్సవ్వ ఆఫీసుల సుట్టు ఏడాది తిరిగింది. అచ్చినప్పుడల్లా మా ఇంట్లనే పండేది. జాగను వేరేటోళ్లు ఎక్కువకు అడిగిండ్లు. ఆమె ఇయ్యలే. మాకే, పాత ధరకే ఇస్తనన్నది. నాకు మల్ల అనుమానం. గింత మంచిగ ఎందుకు ఇస్తాంది, ఇండ్ల ఏమన్న మతలబు ఉందా అని. రెండు దినాలు కాయితాలన్ని వకీలు సాబ్ కు సూపెట్టిన. నా బుద్ధి గసుంటిది.

రిజిస్ట్రాఫీసుల బల్ల మీద పక్కపక్కన కూసున్నం. ఆమె ఏలి ముద్ర ఏసి, సిరా తుడుసుకుంట ఉన్నది. ఉండవట్టలేక అడిగిన.

"నర్సవ్వా, ఎక్కువ అచ్చేది ఇడిసి మాకెందుకు ఇస్తానవ్?"

ఆమె నన్ను వింతగ సూసింది. "ఆయన పోయినంక ఆర్నెల్లల మా తరపోళ్లు ఒక్కలు కూడ రాలే అక్కా. సత్తయ్య అన్నం తిని పోయిండు. నువ్వు ఏం కావు, సుట్టానివి కావు, బస్సెక్కి పరామర్శకు అచ్చినవ్" అన్నది.

పరామర్శకు...

నేను పరామర్శకు పోలే బిడ్డా. దొంగను పట్టేతందుకు పోయిన. ఆ దండ సూసేదాక ఆయన బతికున్నడో సచ్చిండో కూడ నాకు తెల్వదు. చెప్దామని నోరు తెరిసిన. గంతల్నే రిజిస్ట్రారు సాబు నా పేరు పిలిసిండు, లేసి పోయిన. ఆమె నాలుగేండ్ల కింద పోయింది. చెప్పలే. ఇగ గిదే నా రెండో అబద్ధం.

సల్లగుండు బిడ్డా. అనుమానం కొద్ది కాకుంట, మంచిగ అర్సుకునేతందుకే ఎవలింటికన్న పోయేటి రోజులు నీకు రావాలె. ఇగ ఆపు దాన్ని. ఆపినవా?