ఎనిడ్ తోసిన రాయి

కూర్చోమ్మా బెథనీ, కూర్చో. అలా నిలబడి చేతులు నలుపుకుంటే ఆ రాయేం నీ దగ్గరికి నడిచి రాదు. ఇంకా కౌన్సిల్ వాళ్ళు సగంమంది రాలేదు, ఆ ఆల్డర్‌సన్ కుర్రాడైతే గొర్రెల్ని కొండకి తోలి గానీ రాడు. ఫ్లాస్కులో టీ ఉంది, పోసుకో. ఏంటీ, గట్టిగా ఉందో లేదో చూడ్డానికే అయినా సమాధి రాయిని తొయ్యాలంటే చేతులు రావట్లేదా? అందులోనూ మొట్టమొదట ఎనిడ్ మెట్‌కాఫ్ రాయినే తొయ్యమన్నారనా? పాపం పోయినావిడ, పడుకున్నావిణ్ణి లేపి గిల్లినట్టు ఉంటుందంటావ్! ఆవిడ విని ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేది. అవున్లే, నీ తప్పేముంది, మీరు లీడ్స్ నించి వచ్చి ఎన్నాళ్ళయిందని. ఊరు నిన్ను ఛైర్మన్ కుర్చీలో కూర్చోబెట్టింది గానీ, ఆ కుర్చీలో నీకు ముందు ఎవరు కూర్చున్నారో ఒక్కరూ చెప్పి చావలేదు.

ఎనిడ్‌ది ఇదిగో ఆ మూల మాంసం కొట్టు. ఇప్పుడు జుట్టు కత్తిరిస్తున్నారే, అదే. మొగుడు వాల్టర్ మెత్తటి మనిషి, కత్తి పట్టుకుంటే మేకకి క్షమాపణ చెప్పేట్టుండేవాడు. కొట్టంతా ఆవిడదే. సగం పందిని భుజాన వేసుకుని వీధి దాటేది, దాటుతూ దాటుతూ నా బస్సు ఆపి "ఏం విల్ఫూ, ఇవాళా ఆలస్యమేనా?" అని పలకరించేది. నేనప్పుడు రిచ్‌మండ్ బస్సు నడిపేవాణ్ణి కదా. ఆవిడ పందిమాంసం కూరి కాల్చిన పోర్క్ పై... అబ్బ, ఇప్పుడు దొరికేవాటిని పై అంటే నాకు ఒళ్ళు మండుతుంది, లోపల గాలి తప్ప ఏముంటుంది? సరే, ఏం చెప్తున్నా? ఆ, కౌన్సిల్. ఆవిడ ఛైర్మన్ అయిన ఏడాదే చర్చి చుట్టూ ఉన్న పాత సమాధులు నిండిపోయి, ఇక అక్కడ ఎవర్నీ పెట్టడానికి లేదని మూసేశారు. మూసేస్తే వాటి బాగోగులు కౌన్సిల్ నెత్తిన పడతాయి. రోడ్డవతల కొత్త సమాధుల తోట ఎలాగూ మాదే. ఇదీ అదీ రెండూ మాకేనా అని చాపెల్ వాళ్ళు, అదే వేరే ప్రార్థన మందిరానికి పోయేవాళ్ళు, ఒకటే గోల. "చర్చి వాళ్ళ శవాల మీద గడ్డి మేం పీకాలా?" అని. ఎనిడూ చాపెల్ మనిషే, చర్చి గడప తొక్కి ఎరగదు. లేచి నిలబడి, "బతికినన్నాళ్ళూ వాళ్ళ చెత్తబుట్టలు మనమే ఎత్తాం, చచ్చాక నాలుగు గడ్డిపోచలు పీకితే మీ చేతులు పడిపోతాయా? కావాలంటే పై వాళ్ళకి, జిల్లా కౌన్సిల్‌కి అప్పజెప్పొచ్చు. వాళ్ళకి అదొక నంబరు. మన చచ్చినోళ్ళని మనమే చూసుకుందాం" అంది. ఆ పూటే అందరూ చేతులెత్తి ఒప్పుకున్నారు.

అలా కొన్నేళ్ళు బాగానే నడిచింది. గడ్డి కోసే వంతులు, విషపు యూ చెట్ల కొమ్మలు గొర్రెల నోటికి అందకుండా ఏరడం, ఎలుకలు కాదు గానీ నేల తవ్వే ఆ పందికొక్కులాంటి మోల్స్ ఉంటాయే, వాటితో యుద్ధం. వాల్టర్ పోయాడు ఆ మధ్యలోనే. ఎనిడ్ ఆయనకి నల్ల గ్రానైటు రాయి తెప్పించింది పట్నం నించి. నున్నగా, మొహం చూసుకోవచ్చు అందులో. మా అందరివీ ఈ కొండ ఇసుకరాళ్ళు, నాచు పట్టి, వంకర్లు పోయి. ఆవిడ అటు వెళ్ళిన ప్రతిసారీ, "నా వాల్టర్ రాయి పునరుత్థానం దాకా ఇంచు కదలదు, మీవి చూడండి, తాగి ఇంటికొచ్చే వాళ్ళలా ఊగుతున్నాయి" అనేది. రెజ్ ఆల్డర్‌సన్‌కి, అదే ఆ గొర్రెల కుర్రాడి తాతకి, పళ్ళు నూరుకుపోయేవి. వాళ్ళ ముత్తాత రాయి మరీ వంగిపోయి ఉండేది, మెడ విరిగిన కోడిలాగ.

ఇంతలో ఎక్కడో, ఏ ఊళ్ళోనో, రాయి పడి ఎవరికో కాలు విరిగిందట. అంతే, జిల్లా నించి కోటు మనిషి ఒకడు దిగాడు. ప్రతి రాయినీ తోసి చూడాలి, కదిలిందల్లా పడుకోబెట్టాలి, వచ్చే వసంతానికి మళ్ళీ వస్తాను, అప్పటికి మీవల్ల కాకపోతే మా కూలీలు వచ్చి అన్నిటినీ నేలమట్టం చేసి పోతారు అని చెప్పి పోయాడు. అప్పటికే అవతల హెల్మ్‌థార్ప్‌లో చేసేశారు. వెళ్ళి చూశాం. ఒక్కటి నిలబడి లేదమ్మా, అన్నీ వెల్లకిలా. ఒకావిడ వాళ్ళమ్మ రాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఏ వైపు తలో తెలీక ఏడుస్తోంది.

సరే, మా ఊళ్ళో మీటింగు. రెజ్ కుక్కతో సహా వచ్చాడు. "మా ముత్తాత రాయి మీద చెయ్యేస్తే ఆ చెయ్యి మళ్ళీ ఇంటికి పోదు" అన్నాడు. ఇంకొకావిడ, "మా పిల్లాడి రాయి తోస్తావా ఎనిడ్, నీకు మనసొప్పుతుందా?" అంది. అందరూ ఒకేసారి అరుపులు. ఎనిడ్ బల్ల మీద ఒక్క చరుపు చరిచింది, టీ కప్పులు ఎగిరిపడ్డాయి. "ఎవరిదీ ముట్టను. ముందు నాది తోస్తా. మీ అందరి ఎదుటా. దాని తర్వాత రెజ్‌ది. అది పడ్డాక మాట్లాడుకుందాం" అంది. అంత ధీమా, తనది పడదని. చూశావా, అదీ ఆవిడ.

శనివారం ఊరు ఊరంతా సమాధుల తోటలోనే. ఎనిడ్ కొట్టు నించి సరాసరి వచ్చింది, ఏప్రను కూడా విప్పలేదు. చేతులు తుడుచుకుంది, వాల్టర్ రాయి వెనక్కి వెళ్ళింది, అరచేతులు ఆనించి ఒక్క తోపు. గట్టిగా కూడా కాదు, తలుపు తోసినట్టు. అంతే తల్లీ. ధబ్బున ముందుకు పడింది. నేల అదిరింది, చెట్టు మీద కాకులన్నీ లేచాయి. చూస్తే ఏముంది, పైన పటారం లోన లొటారం. కింద కడ్డీ లేదు, పునాది లేదు, ఊరికే సిమెంటు పూసి అతికించి పోయాడు ఆ పట్నం వాడు. రెజ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆవిడ మాటలు పడ్డవాడు, ఎగతాళి చెయ్యాలంటే అదే సమయం, చెయ్యలేదు. ఎనిడ్ మొహం సున్నం కొట్టినట్టయింది. పడ్డ రాయిని చూస్తూ, "కాపురం చేసినన్నాళ్ళూ ఈయన్ని ఎంత తోసినా మంచం మీంచి కదల్లేదు. ఇవాళ చూడండి" అంది. నవ్వాలో వద్దో మాకు తెలీలేదు. "విల్ఫ్, పడ్డదానికి గుర్తుగా పసుపు రిబ్బను కట్టు. పద, రెజ్‌ది" అంది.

రెజ్ ముత్తాత రాయిని ఎనిడ్ తోసింది. నేను తోశాను. మా ఇద్దరికీ తోడు పాస్టరు గారూ భుజం పెట్టారు. ఊహూ! వంకరగా ఉన్నది వంకరగానే ఉంది, ఉలకదు పలకదు. పాతకాలం వాళ్ళు రాయిలో మూడో వంతు భూమిలో పాతేవాళ్ళు కదా. పడ్డవన్నీ కొత్తవే, నున్నటివే. సాయంత్రానికి తోటంతా పసుపు రిబ్బన్లు. జనం మొహాలు వేలాడేసుకుని ఇళ్ళకి పోబోతుంటే ఎనిడ్ గేటుకి అడ్డంగా నిలబడింది. "ఒక్కటి కూడా పడుకోదు. అన్నిటినీ మనమే లేపుదాం, పాతవాళ్ళు పాతినట్టే పాతుదాం. ముందు దిక్కులేని వాళ్ళవి, ఎవరూ రాని సమాధులు. తర్వాత మీవి. నాది ఆఖరున" అంది.

అలా మొదలైంది. రెజ్ ట్రాక్టరు, కప్పీ, మా గడ్డపారలు, ఆడవాళ్ళు సున్నం కలిపేవాళ్ళు. చాపెల్ వాళ్ళు చర్చి వాళ్ళ రాళ్ళు లేపారు, చర్చి వాళ్ళు చాపెల్ వాళ్ళవి. పెళ్ళిళ్ళలో కూడా కలిసి తినని జనం, ఎనిడ్ తెచ్చిన పైలు ఒకే బుట్టలోంచి తిన్నారు. మా ఊరంటే అదమ్మా! ఆవిడేమో ప్రతి ఆదివారం వెళ్ళి, బోర్లా పడున్న వాల్టర్ రాయి పక్కన పూలు పెట్టి వచ్చేది. మా అందరికీ గుండె పిండేసినట్టుండేది. ఒకరోజు రెజ్ ఆగలేక, ఎవరికీ చెప్పకుండా ట్రాక్టరు తోలుకెళ్ళి వాల్టర్ రాయికి గొలుసు తగిలించాడు. ఎవరు చెప్పారో ఏమో, ఎనిడ్ కొట్టు వదిలి పరిగెత్తుకొచ్చి ఆ రాయి మీద కూలబడింది. "లేపు. నన్ను కూడా కలిపి లేపు" అంది. రెజ్ గొలుసు విప్పుకుని, "ఉలిపికట్టె ముండ" అని గొణుక్కుంటూ పోయాడు. పోతూ కళ్ళు తుడుచుకున్నాడు, నేను చూశాను.

క్రిస్మస్ ముందు, నేల గడ్డకడుతున్నప్పుడు, ఆఖరికి వాల్టర్‌ది. మూడో వంతు పాతాలంటే కింద చెక్కించిన బైబిలు వాక్యం, దాని కింద ఎనిడ్ పేరు కోసం ఉంచిన ఖాళీ, రెండూ మట్టిలోకి పోతాయి. ఎవరికీ ఆవిడతో చెప్పే ధైర్యం లేదు. ఆవిడే చూసి, "పోనీలెండి, ఆ వాక్యం దేవుడికి నోటికి వచ్చు" అంది. మట్టి దిమ్మిస కొట్టాం. సున్నం ఆరాక, మళ్ళీ ఊరంతా వచ్చి నిలబడింది. ఎనిడ్ వెనక్కి వెళ్ళింది. ఈసారి సగం పందిని మోసిన ఆ భుజం పెట్టి తోసింది. కాళ్ళు జారాయి. మళ్ళీ తోసింది. కదలదే! అప్పుడు రాయికి నుదురు ఆనించి బావురుమంది. మొగుడు పోయిన రోజు కూడా ఏడవని మనిషి. మేమంతా ఎటో చూస్తూ నిలబడ్డాం. వసంతంలో ఆ కోటు మనిషి వచ్చి ఒక్కొక్కటీ తోసి చూశాడు, చేతులు నొప్పెట్టాయి గానీ ఒక్కటి ఊగలేదు. రెండు పైలు తిని పోయాడు.

అప్పట్నించీ ఏటా పరీక్ష రోజు ముందు తనదే తోసేది ఎనిడ్. "నాది నిలబడితేనే ఇంకొకరిది ముట్టే హక్కు నాకు" అనేది. పోయాక ఆవిణ్ణి వాల్టర్ పక్కనే పెట్టాం. రాయి ముందు వైపు చోటు లేదుగా, అందుకని పేరు వెనక చెక్కించాం. ఎవరు ఛైర్మన్ అయినా ముందు ఆవిడ దగ్గరికే. ఆ, అదుగో వచ్చేశారు, ట్రాక్టరు చప్పుడు. లే తల్లీ. రెండు చేతులూ పెట్టి వెనక నించి తొయ్యి. అరచేయి సరిగ్గా ఆవిడ పేరు మీద పడుతుంది, పడనీ. మొహమాటంగా మాత్రం తొయ్యకు, మెత్తగా తోసేవాళ్ళంటే ఆవిడకి మహా మంట. వెళ్ళు... ఏయ్, ఆ ఫ్లాస్కు మూత ఇచ్చి వెళ్ళవే, టీ చల్లారిపోతుంది.