దీపం దించావా?

కారంపూడిలో ఆదివారం మధ్యాహ్నం. పాత బావుల్లో పూడిక తీసి బతికిన తాత, కంప్యూటర్‌లో అంతరిక్షం ఆట ఆడుతున్న మనవరాలి వెనక నిలబడి ఉన్నాడు. తెర మీద ఏదో ఎర్రటి గ్రహం, దాని మీద నల్లగా ఒక గుహ.

"అందులోకి దిగుతావా ఏంది?"

"హరిత దిగింది తాతా. ఎంత పిలిచినా పలకట్లేదు. చూసొస్తా."

"దీపం దించి చూశావా?"

"టార్చి ఉందిగా."

"టార్చి గాలి లేకపోయినా ఎలుగుద్ది. దీపమైతే ఆరిపోయి చెప్పుద్ది. దిగమాక."

"ఇది గేమ్ తాతా. హరిత వాళ్లింట్లో కూర్చుని ఆడతంది. నాలుగడుగులు దిగితే నేనేం చావను."

"మీ నాయనా ఇట్నే, పలకనోణ్ణి చూసొస్తానని దిగాడు. మోకు పట్టుకుని పైన ఉంది నేనే."

"తాతా, నీకు చెమటలు పడుతున్నయ్. కూర్చో."

"నువ్వు ముందు పైకి రా తల్లీ."

"వచ్చేశా. చూడు, బయటే ఉన్నా. దానికి నెట్ పోయుంటది, అంతే."

"ఫోన్ చెయ్యి."

"చేస్తన్నా, రింగవుతోంది. నువ్వు నా హెడ్‌ఫోన్ వైరు వదులు, రెండు చేతుల్తో గుంజితే తెగుద్ది."

"ఆ పిల్ల పలికిందాకా వదల్ను."