ఊరూ పేరూ అడగని ఎలీసబెతు గారు

1991 ఆగస్టు 12, సోమవారం ఉదయం, ముసురులో తడిసిన గొడుగును మన రేడియో కేంద్రం వరండాలో ఒక మూలకు ఆనించి, శ్రీమతి పులిపాక ఎలీసబెతు గారు అనౌన్సరుగా విధుల్లో చేరారు. ఆనాటి నుండి ఈ నవంబరు నెలాఖరు వరకు ఆదిలాబాద్, కరీంనగర్ ప్రాంతాల శ్రోతలకు ఇంటి మనిషిగా మెలిగి, ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్న ఆ సహోద్యోగినిని అభినందించే భాగ్యం మన కేంద్రపు పత్రిక ఈ సంచికకు దక్కింది.

సుల్తానాబాద్ సమీపంలోని ఒక చిన్న పల్లెలో, మెథడిస్టు సంఘానికి చెందిన రైతు కుటుంబంలో వారు జన్మించారు. తండ్రి కీర్తిశేషులు దేవసహాయం గారు ఆరు దినాలు వరి మళ్లలో ఉండి, ఆదివారం నాడు మందిరంలో వాక్యం చదివేవారు. మైకు లేని ఆ మందిరంలో చివరి వరుసలోని ముసలవ్వకు సైతం వినబడేలా, అయినా అరిచినట్టు ఉండకుండా చదవడం తండ్రి వద్దనే అలవడిందని ఎలీసబెతు గారు చెబుతుంటారు. ఎవరి కోసం ప్రార్థన చేయాలో వారి పేరు, ఇంటిపేరు, ఊరు నలుగురిలో పలికిన తరువాతే మోకరించడం ఆ సంఘంలో ఆనవాయితీ. మన ప్రాంతపు మర్యాదా అటువంటిదే. కొత్త మనిషి గడప తొక్కితే మంచినీళ్ల కంటే ముందు ‘ఎవరింటోళ్లు, ఏ ఊరు?’ అంటాం. అడగకపోతే వచ్చిన మనిషి చిన్నబుచ్చుకుంటాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో వారికి అప్పగించిన పని పంటల సమాచారం, వాతావరణ సూచన చదవడం. ఒక ఏడు వర్షసూచన చదివిన మరునాడు ఇంటికి వెళితే, తండ్రి గట్టు మీద నారు కట్టలు పెట్టుకొని కూర్చున్నారు.

"బిడ్డా, వానొస్తదని నువ్వు జెప్తివి. నారు పీకి కూసున్న. ఏది వాన?"

"నేను జెప్పలే బాపూ. హైదరాబాదోళ్లు రాసి పంపిండ్రు, నేను సదివిన."

"నీ నోట్లకెళ్లి వచ్చినంక గది నీ మాటనే. మాకేమెరుక హైదరాబాదోళ్లు?"

ఆ ఏడు వాన ఆలస్యంగానైనా వచ్చింది, నారు బతికింది. తండ్రి ఆ ముచ్చటను చుట్టాలందరికీ చెప్పి నవ్వించేవారు. కూతురు మాత్రం నవ్వుతూనే దాన్ని మనసులో పెట్టుకున్నారు.

1998లో బెల్లంపల్లి గని కార్మికులతో వారు జరిపిన ముఖాముఖి పరంపర మన కేంద్రానికి కొత్త శ్రోతలను సంపాదించి పెట్టింది. పనిచేసే చోట ప్రాణానికి రక్షణ కోరడం మనిషి హక్కు అన్న మాటను ఉపన్యాసంలా కాక, గనిలోకి దిగే మనిషి నోటనే పలికించారు. నాడు మైకు ముందు నోరు విప్పిన కైలాసం గారనే బొగ్గు కార్మికుడు ఆ తరువాత ప్రతి కార్యక్రమానికీ ఫోన్ చేసే శ్రోత అయ్యారు. ఎలీసబెతు గారికి ఆయన ‘కాక’, అంటే చిన్నాన్న. ఆయనకు వీరు బిడ్డ.

ఇరాకులో యుద్ధం మొదలైన 2003వ సంవత్సరంలో, ప్రపంచ పరిణామాలపై ‘లోకం ముచ్చట’ అనే శుక్రవారపు ప్రత్యక్ష ప్రసారాన్ని వారికి అప్పగించారు. అంతర్జాతీయ వ్యవహారాలు పల్లెజనానికి ఎందుకని అనుమానించిన వారు లేకపోలేదు. కానీ గల్ఫ్‌లో తుపాకి పేలితే జగిత్యాలలో, నిర్మల్‌లో, సిరిసిల్లలో పొయ్యి మీది అన్నం సంగతి మరచిపోయే ఇళ్లున్నాయని ఎలీసబెతు గారికి తెలుసు. స్టూడియోకు వచ్చిన ప్రతి నిపుణుడినీ, కూర్చోకముందే, "సార్, మా సుల్తానాబాద్ వడ్ల మార్కెట్ల నిలబడ్డ మనిషికి చెప్పినట్టు చెప్పుండ్రి, చాలు" అని బతిమాలేవారు. అట్లా చెప్పలేని వారిని రెండోసారి పిలిచేవారు కాదు. 2015 గోదావరి పుష్కరాల్లో బాసర తీరం నుండి వారు చేసిన ప్రత్యక్ష వ్యాఖ్యానమూ అదే తీరులో సాగింది. వచ్చిన యాత్రికులలో తల్లులను, పిల్లలను పలకరించి, ఎవరింటి వారో ఏ ఊరి వారో అడిగి, ఊళ్లన్నీ ఒక్క ఒడ్డు మీద కలిశాయన్న భావన కలిగించారు.

అంత ఆప్యాయంగా ఊరూ పేరూ అడిగే మనిషి, 2018 డిసెంబరు తరువాత ఏ శ్రోతనూ ఆ ప్రశ్న అడగలేదు. దీనికి కారణమేమిటో చాలాకాలం కేంద్రంలో మనకే తెలియదు. గర్వమన్నవారున్నారు, పెద్దరికమన్నవారున్నారు. అసలు సంగతి ఇప్పుడు చెప్పవచ్చు.

ఆ డిసెంబరులో మానవ హక్కుల దినం సందర్భంగా వలస కార్మికుల హక్కులపై ‘లోకం ముచ్చట’ జరుగుతున్నది. కరీంనగర్‌కు చెందిన విశ్రాంత అధ్యాపకురాలు పద్మలత గారు అతిథి. పనివారి పాస్‌పోర్టు తన వద్ద దాచుకునే అధికారం యజమానికి లేదని వారు వివరిస్తుండగా ఒక తల్లి ఫోన్ చేసింది.

"అమ్మా, నా కొడుకు గల్ఫ్‌ల ఉన్నడు. పాస్‌పోర్టు కంపెనోడు పెట్టెల వెట్టి తాళమేసిండు. ఈడ వాళ్ల బాపుకు ఊపిరాడుతలేదు, దినదినం గండమే. ఒక్కసారి మొకం జూసి పోతనంటే ఇడుస్తలేరట. హక్కున్నదని మేడం చెప్పవట్టె. ఉంటే మరి మా పోరడు ఎట్లొస్తడు?"

"ఏడ్వకవ్వా. ఎవరింటోళ్లు మీరు? ఏ ఊరు? కొడుకు పేరేంది?"

"దూసోళ్లమమ్మా, సిరిసిల్ల. నా పేరు చంద్రవ్వ. కొడుకు ఓంప్రకాశ్."

మరమగ్గాల మీద బతికే కుటుంబం. కొడుకు పనిచేసే నగరం, కంపెనీ, ఉండే క్యాంపు అన్నీ చంద్రవ్వ చెప్పింది. వింటున్నవారిలో ఎవరైనా ఆదుకుంటారేమోనన్న ఆశతో ఎలీసబెతు గారు ఆ వివరాలను నిదానంగా మరొకసారి పలికారు. ప్రసారం ముగిశాక కార్యక్రమ అధికారి భానుప్రసాద్ గారు, "ఇయ్యాల ప్రోగ్రాంల పానమున్నది మేడం" అని మెచ్చుకున్నారు.

మూడో నాడు కార్యాలయానికి చంద్రవ్వ ఫోన్ వచ్చింది.

"అమ్మా, గా ముచ్చట ఆడ గూడ విన్నరట."

"ఎవరవ్వా?"

"మావోని దోస్తులే. ‘మా అవ్వ రేడియోల మాట్లాడుతుంది’ అని ఫోన్ల నెట్టు మీద రేడియో వెట్టి, పెద్దగ సప్పుడు జేసుకొని విన్నరట. ఫోర్‌మెన్ గూడ తెలుగోడేనట. గాడు విన్నడు. మావోని ఫోను గుంజుకున్నరట, బండిల ఎక్కించుకొని యాడికో తోలిండ్రట. యాడికో దోస్తులకు గూడ ఎరుక లేదు."

 ఆ వెంటనే చంద్రవ్వే అన్నది: "నిన్ను అనుడు కాదమ్మా. నువ్వు అడిగితివి, నేను జెప్తి."

చంద్రవ్వ తిట్టినా తాను ఇంత బాధపడేదాన్ని కాదని ఎలీసబెతు గారు తరువాత పద్మలత గారితో అన్నారట. వారిద్దరూ కలిసి రాయబార కార్యాలయానికి విన్నపాలు పంపారు. అక్కడి తెలుగువారి సంఘాలకు ఫోన్లు చేశారు. సెలవు దొరికిన ప్రతిసారీ ఎలీసబెతు గారు బస్సెక్కి సిరిసిల్ల వెళ్లేవారు. పక్కింటి మగ్గాల చప్పుడు మధ్య చంద్రవ్వ భర్త మంచంలో ఎగశ్వాస తీస్తూ, "పోరడు ఫోన్ జేసిండా?" అని అడిగేవాడు. "పనిల ఉన్నడట, తీరుతలేదట" అని చంద్రవ్వ జవాబిచ్చేది. ఎలీసబెతు గారు తల వంచుకొని చాయ తాగేవారు. ఆదివారం మందిరంలో ప్రార్థన కోరితే పాస్టరు గారు, "ఎవరి కోసమమ్మా, పేరు చెప్పుండ్రి" అన్నారు.

"ఒక తల్లి కొడుకు కోసం. పేరు దేవునికి ఎరుకే అయ్యగారూ."

ఆ వారం నుండే ‘లోకం ముచ్చట’లో శ్రోతల ఊరూ పేరూ అడగడం ఆగిపోయింది. ఎవరైనా చెప్పబోయినా మెల్లగా వారించేవారు. శ్రోతలు అలిగారు. అందరికంటే ఎక్కువ అలిగింది కైలాసం గారు.

"నేను బిడ్డా, బెల్లంపల్లి కెల్లి..."

"పేరొద్దు కాకా. ముచ్చట జెప్పు."

"పేరొద్దా? ఇరవయ్యేండ్ల సంది మాట్లాడుతున్న. గిప్పుడు నేను పేరు లేనోన్నైన్నా? రేపు కాక అనుడు గూడ బంద్ జేస్తవా?"

"కోపం నా మీద వెట్టుకో కాకా. అడిగేది మాత్రం అడుగు."

శ్రోతలు దూరమవుతున్నారని భానుప్రసాద్ గారు ఆందోళన చెందారు. ఒక్క మాట వివరణ ఇస్తే సరిపోతుంది గదా అన్నారు.

"ఇస్తే ఎందుకని అడుగుతరు సార్. ఎందుకో చెప్తే ఆ పిలగాని ముచ్చటనే మళ్ల బయటపడ్తది. ఆడ వినేటోళ్లు వింటనే ఉన్నరు" అన్నారు ఎలీసబెతు గారు. ఎవరి ముచ్చట అని ఆయన అడిగితే దానికీ జవాబివ్వలేదు. కుర్రవాడు ఎక్కడున్నదీ తెలియనంత కాలం, తన నోట మరొక్క మాట వెలువడినా అది అతని మీదే పడుతుందని వారి భయం. గర్వమన్న పేరు మోయడం ఆ భయం కన్నా తేలికనిపించింది.

ఎండలు ముదరకముందు ఒక శుక్రవారం, యుద్ధఖైదీల విడుదల గురించి మాటలు సాగుతున్నాయి. ఫోన్ మోగింది.

"అమ్మా, నేను."

గొంతు గుర్తుపట్టి ఎలీసబెతు గారు కుర్చీలో ముందుకు జరిగారు. "చెప్పవ్వా."

"వచ్చిండు."

చేతిలోని కాగితాలను ఎలీసబెతు గారు పక్కన పెట్టారు.  

"మంచిగున్నడా?"

"బక్కగైండు గని మంచిగనే ఉన్నడు. బాపు పక్కపొంటి కూసున్నడు. చెయ్యి ఇడుస్తలేడు ముసలోడు."

"మంచిదవ్వా. ఉంట."

అద్దం అవతలి నుండి భానుప్రసాద్ గారు ‘ఎవలొచ్చిండ్రు?’ అని చేతులతో అడుగుతూనే ఉన్నారు. ఎలీసబెతు గారు తరువాతి శ్రోతను పిలిచారు.  మరుసటి వారం కైలాసం గారు ఫోన్ చేశారు.

"ఎవలొచ్చిండ్రు బిడ్డా? మా ఇంట్ల దీని మీద పంచాయితి నడుస్తుంది. మా ముసల్ది కొత్త కలెక్టర్ వచ్చిండంటది."

"వచ్చేటోడు వచ్చిండు కాకా."

అంతే. ఆ విన్నపాల మీదే రాయబార కార్యాలయం ఓంప్రకాశ్‌ను మరో క్యాంపులో వెతికి పట్టి ఇంటికి పంపింది. అతని తండ్రి ఆ తరువాత మరి రెండు వానాకాలాలు చూసి, కొడుకు చేతుల్లోనే కన్ను మూశారు.

కొడుకు ఇల్లు చేరినా ఎలీసబెతు గారు పాత మర్యాదకు మరలిపోలేదు. ఆనాడు ఫోన్ చుట్టూ మూగి విన్న అతని దోస్తులు ఇంకా ఆ క్యాంపులోనే ఉన్నారు. కొంతకాలానికి మరొక మార్పు కనబడింది. పేరు అడగరన్న నమ్మకం కుదిరిన తరువాత, అంతకు ముందు ఎన్నడూ ఫోన్ చేయనివారు చేయసాగారు. మగ్గాల షెడ్డుల నుండి, ఇటుక బట్టీల నుండి, దెబ్బలు తిన్న ఇళ్ల నుండి మెల్లని గొంతులు వచ్చాయి. దూరదేశపు యుద్ధాలతో మొదలైన హక్కుల మాట మన గడపల దాకా వచ్చింది. నేడు మన కేంద్రంలో ప్రత్యక్ష ప్రసారం నిర్వహించే యువ అనౌన్సర్లందరూ అదే పద్ధతి పాటిస్తున్నారు. ఎందుకో తెలియకుండానే పాటిస్తూ వచ్చారు.

ఈ సంచిక కోసం పలకరించినప్పుడు ఓంప్రకాశ్ స్వయంగా అనుమతినిచ్చారు. "రాయుండ్రి. మా దోస్తులందరు ఇండ్లకు వచ్చిండ్రు, గా క్యాంపు గూడ ఎత్తేసిండ్రు. ఇన్నేండ్లు మేడం మా కోసమే మాటలు వడ్డది" అన్నారు. అయినా ఎలీసబెతు గారు వెంటనే ఒప్పుకోలేదు. చంద్రవ్వకు ఫోన్ చేసి, ఆమె సరేనన్న తరువాతే తల ఊపారు. సంగతి తెలిసిన కైలాసం గారు ఆగలేక ఫోన్ చేశారు.

"ముందుగాల నాకొక్కనికి జెప్తే నేను అలుగుదునా బిడ్డా?"

"నీకొక్కనికి జెప్తే బెల్లంపల్లి మొత్తం వినకపోవునా కాకా?"

కైలాసం గారు పెద్దగా నవ్వి, "నిజమే" అన్నారట.

ఎలీసబెతు గారి ఉద్యోగ జీవితంలో తోడుగా నిలిచిన భర్త, విశ్రాంత ఉపాధ్యాయులు జాన్సన్ గారికీ, కుమార్తె మహిమకూ మన కేంద్రం కృతజ్ఞతలు తెలుపుకుంటున్నది. శుక్రవారం సాయంకాలాలన్నీ లోకానికి ఇచ్చివేసిన మనిషిని ఇప్పుడు వారికి అప్పగిస్తున్నాం.

డిసెంబరు మొదటి తేదీ నుండి వారి ముందు మైకు ఉండదు. పలికిన మాట సముద్రం దాటి ఎవరి చెవిన పడుతుందోనన్న జాగ్రత్తా ఉండనక్కరలేదు. సిరిసిల్ల బస్సులో పక్క సీటు మనిషినీ, సుల్తానాబాద్ అంగట్లో కూరగాయలమ్మే తల్లినీ, మందిరానికి కొత్తగా వచ్చిన కోడలినీ ‘ఎవరింటోళ్లు బిడ్డా, ఏ ఊరు?’ అని ఎలీసబెతు గారు తనివితీరా అడుగుదురు గాక! వారు చెప్పేదంతా తీరిగ్గా వినేందుకు చల్లని ఆరోగ్యం, చెక్కుచెదరని గొంతు, నిండు నూరేళ్ల ఆయుష్షు వారికి సమకూరాలని మన కేంద్రం కుటుంబమంతా మనసారా కోరుకుంటున్నది.